హార్డ్‌వేర్ ఎంట్రోపీ: కంప్యూటరుకు దొరకని అనిశ్చితిని పోగుచేయడం

కంప్యూటరు తనంతట తాను పుట్టించుకోలేని అనిశ్చితిని భౌతిక ప్రపంచం నుంచి బిట్ల రూపంలో పోగుచేసుకోవడమే హార్డ్‌వేర్ ఎంట్రోపీ సేకరణ. తీగలో ఎలక్ట్రాన్ల కదలిక, సిలికాన్ గేట్ల తడబాటు, తిరిగే డిస్కు లోపలి గాలి, ఇవన్నీ అందుకు ముడిసరుకే. ప్రోగ్రాం ఎంత పెద్దదైనా అది చేసేది లెక్క. ఒకే అంకెలు ఇస్తే ఒకే జవాబు వస్తుంది, రావాలి కూడా. అందుకే వేరుశనగ మండీలో ఫోన్‌తో డబ్బు పంపినా, సచివాలయంలో వేలిముద్ర వేసినా, మధ్యలో నడిచే సంభాషణను దాచే రహస్య సంఖ్య, అంటే కీ, లెక్కలోంచి పుడితే సరిపోదు. లెక్క తెలిసినవాడికి సంఖ్య కూడా తెలిసిపోతుంది. ఆ సంఖ్యకు మూలంగా లెక్కకు అందనిది ఏదో ఒకటి బయటి నుంచి రావాలి.

అలా వచ్చినదాన్ని విత్తనంగా తీసుకుని, దాని నుంచి కావలసినన్ని యాదృచ్ఛిక సంఖ్యలను సాఫ్ట్‌వేర్ పండిస్తుంది. ఇంజినీర్లు వాడే మాట కూడా 'సీడ్' అనేదే. విత్తనం ఒక్కటే అయితే చేనంతా ఒకే పంట.

తెలియకపోవడం వేరు, రహస్యం వేరు

అనంతపురం నుంచి బళ్లారి వెళ్లే దారిలో, పడగ విప్పిన పాములా కనిపించే కొండ కింద ఉరవకొండ ఉంది. ఉరగకొండే ఉరవకొండ అయిందని చెబుతారు. అనిశ్చితి అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ల మిట్టల మీద వరసగా గాలిమరలు తిరుగుతుంటాయి. మరి ఈ గాలినీ వాననూ కంప్యూటరుకు ఎంట్రోపీగా ఎందుకు ఇవ్వకూడదు?

ఒక లెక్క వేసి చూద్దాం. గాలిమరల యంత్రాలు సాధారణంగా పది నిమిషాలకొక సగటు వేగాన్ని నమోదు చేస్తాయి. సెకనుకు 0 నుంచి 25 మీటర్ల దాకా, ఒక్క దశాంశ స్థానంతో రాస్తే 250 విలువలు. పైకి చూస్తే ఇందులో దాదాపు ఎనిమిది బిట్లు ఉన్నట్టే. కానీ ఇప్పుడు 9 మీటర్ల గాలి వీస్తుంటే పది నిమిషాల తర్వాత 20 మీటర్లు వీచదు. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన ఆపరేటరు తర్వాతి విలువను ఎనిమిదింట ఒకసారి సరిగ్గా ఊహించగలడనుకుందాం. అప్పుడు ఒక్కో నమోదులో ఉన్నది మూడు బిట్లే. 128 బిట్ల కీ కావాలంటే 43 నమోదులు, అంటే ఏడు గంటలకు పైగా కాచుకు కూర్చోవాలి. ఇంత చేసినా అసలు దోషం తీరదు. ఆ వేగం కంట్రోల్ రూములోనూ తెలుస్తుంది, పక్క మర దగ్గరా తెలుస్తుంది. వాన కూడా అంతే, రాకముందు ఎవరికీ తెలియదు, వచ్చాక ఊరందరికీ తెలుసు. కీకి కావలసింది ముందూ తెలియనిది, తర్వాతా తెలియనిది.

లాటరీకి కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. తిరుమల ఆర్జిత సేవలకు దేవస్థానం నిర్వహించే ఎలక్ట్రానిక్ లక్కీడిప్‌లోగానీ, ఎన్నికలకు ముందు పార్టీల ప్రతినిధుల ఎదుట చేసే ఈవీఎంల ర్యాండమైజేషన్‌లోగానీ ఫలితం ముందుగా ఎవరికీ తెలియకూడదు, తర్వాత అందరికీ తెలియాలి. 2024 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలకు వచ్చిన 89,882 దరఖాస్తుల మధ్య లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు. అంత డబ్బు పెట్టిన మనిషి నమ్మేది చూస్తుండగా చేత్తో తీసిన అంకెను. కంప్యూటరు తీసిన అంకెకు ఆ నమ్మకం తేవాలంటే విత్తనం ఎక్కడిదో, ఎప్పుడు వేశారో బయటపెట్టాలి. ఇందుకోసమే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నిమిషానికొకసారి 512 యాదృచ్ఛిక బిట్లను అందరూ చూసేలా ప్రకటించే సేవను నడుపుతోంది. ఆ బిట్లు లాటరీకి భేషుగ్గా పనికొస్తాయి, కీకి అసలు పనికిరావు. ఈ వ్యాసంలో ఇకపై మాట్లాడేది ప్రధానంగా కీల అవసరం గురించే.

గవ్వలు, పట్టికలు, నియాన్ గొట్టాలు

అష్టాచెమ్మా ఆడిన ప్రతివాళ్లూ హార్డ్‌వేర్ యాదృచ్ఛిక యంత్రాన్ని చేత్తో తిప్పినవాళ్లే. నాలుగు గవ్వలు వేస్తే వెల్లకిలా ఎన్ని పడ్డాయో అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వలు దొరకకపోతే ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు. అయితే గవ్వ బొమ్మాబొరుసు నాణెం లాంటిది కాదు. దాని వీపు గుండ్రన, నోరు చదును, ఏ రెండు గవ్వలూ ఒకేలా పడవు. పాత ఆటగాళ్లకు తమ గవ్వల వాలు తెలుసు.

వాలు ఉన్న గవ్వతో వాలు లేని ఫలితం రాబట్టడం ఎలాగో 1951లో జాన్ వాన్ నాయ్‌మన్ చూపించాడు. ఒకే గవ్వను రెండుసార్లు వేయాలి. వెల్లకిలా-బోర్లా పడితే 1, బోర్లా-వెల్లకిలా పడితే 0. రెండుసార్లూ ఒకేలా పడితే ఆ జతను పారేయాలి. గవ్వ నూటికి 60 సార్లు వెల్లకిలా పడుతుందనుకున్నా 0.6 × 0.4, 0.4 × 0.6 రెండూ 0.24 కాబట్టి 1కీ 0కీ సమాన అవకాశం. నష్టమల్లా వృథా. సగటున నాలుగు వేతలకు పైన వేస్తేగానీ ఒక బిట్ రాదు. ఇంకో షరతు కూడా ఉంది, ఒక వేత ప్రభావం తర్వాతి వేత మీద పడకూడదు. గవ్వలకు ఇది సులువు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లకు ఇదే కష్టం.

యాదృచ్ఛిక సంఖ్యలు మొదట కావలసివచ్చింది రహస్యాలకు కాదు, గణాంక శాస్త్రానికి. ఏ పొలంలో నమూనా తీయాలో మనిషి ఎంచితే కంటికి నచ్చిన పొలాన్ని ఎంచుతాడు. 1927లో ఎల్.హెచ్.సి. టిప్పెట్ జనాభా లెక్కల నివేదికల్లోంచి అంకెలు ఏరి 41,600 అంకెల పట్టిక అచ్చువేశాడు. నమూనా సర్వేలకు పేరుపడ్డ కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన పుట్టింది 1920 సెప్టెంబరు 10న, అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో. అనంతపురం కూడా 1882 దాకా బళ్లారి జిల్లాలోదే కనుక ఈ పీఠభూమి ఆయన్ను కాస్త తనవాడిగా చెప్పుకోవచ్చు. చదువు నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. యాదృచ్ఛికత అంటే ఏమిటి, దాన్ని పనిలో పెట్టడం ఎలా అన్న ప్రశ్నలకు తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో ఆయన పెద్ద పీట వేశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరుతో నడుస్తున్న సంస్థ గణితం, గణాంకాలతో పాటు గూఢలిపి శాస్త్రంలోనూ పరిశోధనలు చేస్తోంది. పట్టికల కాలపు యాదృచ్ఛికత, కీల కాలపు యాదృచ్ఛికత ఒకే గూటికి చేరడమన్నమాట. ఆయన 2023 ఆగస్టు 22న కన్నుమూశారు.

మనిషిని 'నోటికొచ్చిన అంకెలు చెప్పు' అంటే వరసగా ఒకే అంకె రాకుండా జాగ్రత్తపడతాడు. నిజమైన నాణెం అలాంటి మొహమాటం పడదు, ఆరుసార్లు వరసగా బొమ్మే వేస్తుంది. అందుకే యంత్రాల వైపు మళ్లారు. 1947లో అమెరికాలోని ర్యాండ్ సంస్థ, సెకనుకు లక్ష దాకా వచ్చే విద్యుత్ స్పందనలను లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ రూలెట్ చక్రాన్ని కట్టింది. అందులోంచి వచ్చిన అంకెలకూ వాలు ఉందని తేలడంతో వాటిని ఎక్కించిన పంచ్‌కార్డుల మీది అంకెలను జతచేసి కలిపి సవరించారు. ఆ పది లక్షల అంకెలు 1955లో పుస్తకంగా వచ్చాయి. బ్రిటన్‌లో ప్రీమియం బాండ్ల బహుమతులు తీసే యంత్రం ఎర్నీ, 1957 జూన్ 1న నియాన్ గొట్టాల విద్యుత్ రొదతో తొలి డ్రా తీసింది. రెండో ప్రపంచయుద్ధంలో కొలోసస్ కంప్యూటరును కట్టిన టామీ ఫ్లవర్స్ ఆ యంత్రం రూపకర్తల్లో ఒకడు.

రొద ఎక్కడ దొరుకుతుంది

సర్క్యూట్లు కట్టేవాళ్లు జీవితమంతా తరిమేసే రొదను ఇక్కడ పిలిచి పీట వేస్తారు. అన్నిటికంటే సహజమైనది ఉష్ణ రొద. ఏ నిరోధకంలోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు ఊరికే కదులుతుంటాయి, దాంతో రెండు కొసల మధ్య అతి చిన్న వోల్టేజీ వణుకుతుంటుంది. 1928లో జాన్సన్ దీన్ని కొలిచి చూపాడు, నైక్విస్ట్ దానికి సూత్రం కట్టాడు. గది వేడిలో 10 కిలోఓమ్‌ల నిరోధకం, 10 కిలోహెర్ట్జ్‌ల పట్టీలో ఇచ్చే వణుకు సుమారు 1.3 మైక్రోవోల్టులు. దాన్ని వేల రెట్లు పెంచితేగానీ 0, 1లుగా విడదీయలేం.

అనంతపురం ఎండకు ఈ రొద పెరుగుతుందా? పెరుగుతుంది, కానీ ఆశపడినంత కాదు. సూత్రంలో లెక్కకు వచ్చేది పరమ ఉష్ణోగ్రత. 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వెళ్లడమంటే 298 కెల్విన్‌ల నుంచి 318కి వెళ్లడమే, వోల్టేజీ పెరిగేది దాని వర్గమూలం లెక్కన మూడు శాతం. వేడి చేసే అసలు చేటు రొద దగ్గర కాదు, రొదను పెంచి పోల్చే సర్క్యూట్ దగ్గర. దాని మధ్యరేఖ కాస్త జరిగితే చాలు, 1లు ఎక్కువై 0లు తగ్గుతాయి.

ఈ పెంచే పనిలో ఇంకో మోసం ఉంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ హమ్ సర్క్యూట్‌లోకి దూరితే చూడ్డానికి రొదలానే ఉంటుంది, నిజానికి గడియారంలా క్రమంగా నడుస్తుంది. తెర మీద గజిబిజిగా కనిపించిన గీతనల్లా ఎంట్రోపీ అనుకునేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

జీనర్ డయోడ్‌ను తిరగేసి, విరిగే వోల్టేజీ దగ్గర నడిపితే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ జలపాతంలా పడతాయి. ఆ రొద పెద్దది, సొంతంగా తయారుచేసుకునేవాళ్లకు ఇష్టమైనది. కానీ చిప్‌లో అందరూ ఎక్కువగా వాడేది రింగ్ ఆసిలేటర్. బేసి సంఖ్యలో ఇన్వర్టర్లను గొలుసుగా కట్టి చివరిదాన్ని మొదటిదానికి కలిపితే ఆ గొలుసు ఎప్పటికీ స్థిరపడదు, 0-1-0-1 అని కొట్టుకుంటూనే ఉంటుంది. ప్రతి చుట్టుకూ పట్టే కాలంలో కొన్ని పికోసెకన్ల తేడా వస్తుంది. ఆ తేడాలు పోగుపడి, వేరే గడియారంతో తొంగిచూసేసరికి 0 ఉందో 1 ఉందో చెప్పలేని స్థితి వస్తుంది. చవక, చిన్నది. లొంగేది కూడా. 2009లో కేంబ్రిడ్జికి చెందిన మార్కెటోస్, మూర్ విద్యుత్ సరఫరా తీగలోకి ఒక క్రమమైన తరంగాన్ని పంపి, రింగులన్నీ దాని తాళానికే ఊగేలా చేయవచ్చని నిరూపించారు. రొద కాస్తా లయ అయిపోయింది.

2012లో ఐవీ బ్రిడ్జ్ చిప్‌లతో ఇంటెల్ తెచ్చిన పద్ధతి వేరు. ఎదురెదురుగా ముడివేసిన రెండు ఇన్వర్టర్లను బలవంతంగా మధ్యస్థితిలో నిలబెట్టి వదిలేస్తారు. ఎటు ఒరగాలో తేల్చేది ఉష్ణ రొద. అలా సెకనుకు దాదాపు 300 కోట్ల ముడి బిట్లు వస్తాయి. వాటిని 512 చొప్పున తీసుకుని 256కు పిండి, ఆపైన ప్రోగ్రాములకు ఆర్‌డీర్యాండ్ అనే ఒక్క ఆదేశంతో అందిస్తారు.

క్వాంటం పద్ధతి సూత్రంలో అన్నిటికంటే నిక్కచ్చి. సగం వెలుతురును వదిలి సగాన్ని తిప్పికొట్టే అద్దం మీద ఒక్క ఫోటాన్ పడితే అది ఎటు పోతుందో ముందే చెప్పే సమాచారం ప్రకృతిలోనే లేదంటుంది సిద్ధాంతం. 2020లో కొరియాలో అమ్మిన ఒక శాంసంగ్ ఫోన్‌లో 2.5 మిల్లీమీటర్ల చదరపు చిప్ ఉంది. అందులో చిన్న దీపం, ఎదురుగా కెమెరా సెన్సర్ ఉంటాయి. ఒక్కో గడిలో ఎన్ని ఫోటాన్లు పడ్డాయన్న తేడాయే ఎంట్రోపీ. మన దేశంలో డీఆర్‌డీవో క్వాంటం ప్రయోగశాల సెకనుకు 150 మెగాబిట్లు ఇచ్చే పరికరాన్ని తయారుచేసింది. 2025లో ప్రకటించిన అమరావతి క్వాంటం వ్యాలీలో పెడతామన్నది 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం. కానీ యాదృచ్ఛిక సంఖ్యల కోసమైతే అంత యంత్రం అక్కర్లేదు, ఆ ఫోన్‌లోని దీపం చాలు.

కంటికి ఇంపైనవి ఇంకా ఉన్నాయి. కరిగిన మైనం ముద్దలు పైకీ కిందికీ తేలే లావా దీపాలను 1990లలో సిలికాన్ గ్రాఫిక్స్ ఫోటోలు తీసి అంకెలుగా మార్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లౌడ్‌ఫ్లేర్ దాదాపు 100 దీపాలను గోడకు పేర్చి ఇప్పటికీ అదే చేస్తోంది. నిజం చెప్పాలంటే అక్కడా ఎక్కువ ఎంట్రోపీ కెమెరా సెన్సర్ రొద నుంచే వస్తుంది. దీపాలు చూడ్డానికొచ్చే వాళ్ల కోసం.

గాలి మాటకొస్తే, అది నిజంగానే కంప్యూటరులోకి వచ్చింది. 1994లో డేవిస్, ఇహాకా, ఫెన్‌స్టర్‌మాకర్ అనే ముగ్గురు హార్డ్‌డిస్కు లోపల పళ్లెం తిరిగేటప్పుడు పుట్టే సుడిగాలి దాని వేగాన్ని అతి సూక్ష్మంగా తడబాటుకు గురిచేస్తుందనీ, ఆ తడబాటును కొలిస్తే నిమిషానికి 100 స్వతంత్ర బిట్లు వస్తాయనీ చూపారు. ముగ్గురిలో ఇహాకా, గణాంకాలవాళ్లు రోజూ వాడే ఆర్ భాషను సృష్టించిన ఇద్దరిలో ఒకడు. ఆ తర్వాత తిరిగే డిస్కులు పోయి ఎస్ఎస్‌డీలు వచ్చాయి. వాటిలో గాలి ఆడదు.

ఎంత ఉందో లెక్కగట్టడం

ఉరవకొండకు దగ్గరలోనే వజ్రకరూరు. తొలకరి వానలకు మట్టి కొట్టుకుపోగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. ఆ వజ్రాలకు తల్లిరాయి కింబర్లైట్. రాయి నిండా వజ్రాలుండవు, టన్నుల రాతిలో ఎక్కడో రవంత. ముడి రొదలో ఎంట్రోపీ కూడా అలాగే పలచగా ఉంటుంది. గని తవ్వేవాడికి టన్నుకు ఎంత వస్తుందన్నది మొదటి లెక్క. రొద పోగుచేసేవాడికి బిట్‌కు ఎంత వస్తుందన్నది మొదటి లెక్క. ఈ రంగంలో కష్టమైన పని రొదను పట్టడం కాదు, ఈ లెక్కను నిజాయితీగా వేయడం.

సమాచార సిద్ధాంతంలో క్లాడ్ షానన్ ఇచ్చిన ఎంట్రోపీ సగటు అనిశ్చితిని కొలుస్తుంది. దొంగకు సగటుతో పనిలేదు, అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్న విలువను మొదట ప్రయత్నిస్తాడు. అందుకే కీల విషయంలో వాడేది కనిష్ఠ ఎంట్రోపీ, అంటే అతి సులువైన ఊహ ఎంత కష్టమో చెప్పే కొలత. మన 60 శాతం గవ్వకు షానన్ లెక్కన ఒక్కో వేతకు 0.97 బిట్, కనిష్ఠ లెక్కన 0.74 బిట్. 128 బిట్ల కీకి మొదటి లెక్కన 132 వేతలు చాలు, రెండో లెక్కన 174 కావాలి. తేడా చిన్నదిగా కనిపించేది గవ్వ మంచిది కాబట్టి. వాలు పెరిగేకొద్దీ రెండు లెక్కల మధ్య దూరం బాగా పెరుగుతుంది.

పలచటి ముడిసరుకును చిక్కబరచడానికి హాష్ ప్రమేయం వాడతారు. వేల ముడి బిట్లను షా-256 లాంటి దానిలో పోస్తే 256 బిట్లు వస్తాయి. లోపలికి వెళ్లిన ఎంట్రోపీ 256 కంటే తగినంత ఎక్కువగా ఉంటే బయటికొచ్చేది దాదాపు స్వచ్ఛం. లోపలికి వెళ్లింది పది బిట్ల ఎంట్రోపీయే అయితే బయటికొచ్చేది కూడా స్వచ్ఛంగానే కనిపిస్తుంది. దానికి 1,024 రూపాలే ఉంటాయి, అంతే. హాష్ వజ్రాన్ని పుట్టించదు, ఏరుతుంది.

ఫలితాన్ని చూసి మూలంపై తీర్పు చెప్పలేకపోవడం ఇక్కడి ప్రధాన చిక్కు. జార్జ్ మార్సాగ్లియా 1995లో విడుదల చేసిన డైహార్డ్ పరీక్షలుగానీ, నిస్ట్ పరీక్షల మూటగానీ, అంకెల్లో వాలునూ పునరావృతాన్నీ పట్టుకుంటాయి. కానీ 1, 2, 3 అని లెక్కపెడుతూ ఒక్కోదాన్నీ తెలిసిన కీతో గుప్తీకరిస్తే వచ్చే వరస ఆ పరీక్షలన్నీ నెగ్గుతుంది. అందులో ఎంట్రోపీ సున్నా. కాబట్టి 2018 జనవరిలో నిస్ట్ ఖరారుచేసిన ఎస్‌పీ 800-90బీ ప్రమాణం, పిండిన ఫలితాన్ని కాక పిండకముందు ముడి రొదను పరీక్షకు పెట్టమంటుంది. రొద ఏ భౌతిక కారణం వల్ల పుడుతుందో రాసివ్వమంటుంది. పరికరం నడుస్తున్నంతసేపూ నాడి చూస్తుండమంటుంది. ఉదాహరణకు ఒక్కో బిట్‌కూ పూర్తి ఎంట్రోపీ ఉందని చెప్పుకునే మూలం, ఒకే బిట్‌ను వరసగా 21 సార్లు ఇస్తే మూలం చచ్చిపోయిందని అనుమానించాలి. న్యాయమైన మూలం అలా తప్పుడు అనుమానానికి గురయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి చుట్టూ ఉంటుంది.

చెరువా, విత్తనమా

ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ఒక్క మూలాన్నీ పూర్తిగా నమ్మదు. 1994లో థియోడర్ ట్సో లినక్స్‌లో పెట్టిన ఏర్పాటు, కీబోర్డు నొక్కుల మధ్య వ్యవధి, మౌస్ కదలిక, డిస్కు స్పందించే కాలం, పరికరాల అంతరాయాలు ఇవన్నీ ఒకే గాదెలో పోసి కలుపుతుంది. కలపడంలో ఒక అందముంది. పది మూలాల్లో తొమ్మిది చెడ్డవైనా ఒక్కటి మంచిదైతే కలగలుపు మంచిదే, ఆ తొమ్మిదీ మంచిదాన్ని చూసి తమను మార్చుకోలేనంతవరకు. 2013లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపకర్తలు ఇంటెల్ ఆదేశాన్ని నేరుగా వాడటం మానేసి గాదెలో కలిపే సరుకుగా మార్చింది ఈ ఆలోచనతోనే.

గాదె గురించి పాతికేళ్లకు పైగా ఒక అపోహ నడిచింది. లినక్స్ దాన్ని చెరువులా లెక్కపెట్టేది. ప్రతి బిట్ వాడగానే మట్టం తగ్గిందని రాసుకునేది, మట్టం అడుగంటితే డెవ్-ర్యాండమ్ ఫైలు అడిగినవాళ్లను ఆపేసేది. సర్వర్లు కీ తయారుచేస్తూ నిమిషాల తరబడి బిగుసుకుపోతే నిర్వాహకులు మౌస్ అటూ ఇటూ కదిలించిన రోజులున్నాయి. చెరువు పోలిక ఇక్కడ తప్పు. 256 బిట్ల నిజమైన విత్తనం ఒకసారి పడితే దాని నుంచి మంచి గూఢలిపి ప్రమేయంతో తీసే సంఖ్యలు ఆచరణలో తరగవు. వాడకం వల్ల విత్తనం ఇంకిపోదు. విత్తనం పడిందా లేదా అన్నదే ప్రశ్న. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి, మొదటిసారి విత్తనం పడేదాకానే ఆ ఫైలు ఆపుతుంది. 2022లో జేసన్ డోనెన్‌ఫెల్డ్ గాదెను బ్లేక్2ఎస్ హాష్‌తో తిరిగి కట్టాడు.

గ.సా.భా. పట్టించిన దొంగ

విత్తనం పడకపోతే ఏమవుతుందో చెప్పే చరిత్ర కావలసినంత ఉంది. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు గడియారాన్నీ, ప్రోగ్రాం సంఖ్యలనూ విత్తనంగా వాడుతోందని బర్కిలీ విద్యార్థులు గోల్డ్‌బర్గ్, వాగ్నర్ కనిపెట్టి దాని రహస్యాలను ఊహించగలిగారు. 2006లో డెబియన్ లినక్స్‌లో ఒక హెచ్చరికను తప్పించడానికి తీసేసిన వాక్యం ఎంట్రోపీ సేకరణనే తీసేసింది. మిగిలింది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే, అది 32,768 విలువలు దాటదు. 2008 మేలో బయటపడేదాకా ఆ కోడుతో పుట్టిన కీలన్నీ ఆ చిన్న జాబితాలోవే. 2019లో కొన్ని ఏఎండీ ప్రాసెసర్లలో ఆర్‌డీర్యాండ్ ఆదేశం అన్నీ 1లే ఇస్తూ 'సరిగ్గా ఇచ్చాను' అని చెప్పింది. బయోస్ సవరణతో సరిదిద్దారు.

వీటన్నిటిలో చదవాల్సింది 2012 నాటి పరిశోధన. నాడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్ అంతా గాలించి లక్షలాది బహిరంగ కీలను పోగేసింది. ఆర్‌ఎస్‌ఏ కీ అంటే రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం. లబ్ధం అందరికీ తెలుసు, దాన్ని విడగొట్టడమే అసాధ్యం. కానీ రెండు యంత్రాలు ఒకే విత్తనంతో మొదలై, ఒక ప్రధాన సంఖ్య ఉమ్మడిగా ఎంచుకుని, రెండోది ఎంచుకునే వేళకు విడిపోయాయనుకోండి. 91, 119 అనే రెండు లబ్ధాలు చూస్తే హైస్కూలు పిల్లవాడు కూడా గ.సా.భా. కట్టి 7 అంటాడు. మిగిలినవి 13, 17 అని అక్కడికక్కడే తెలిసిపోతుంది. వందల అంకెల సంఖ్యలకూ గ.సా.భా. కట్టడం కంప్యూటరుకు చిటికెలో పని. ఆ బృందం సురక్షిత వెబ్ సేవలందించే యంత్రాల్లో 0.50 శాతం వాటి రహస్య కీలను ఇలా రాబట్టింది. దొరికిపోయినవి పెద్ద బ్యాంకుల సర్వర్లు కావు, ఎక్కువగా రౌటర్లు, ఫైర్‌వాల్‌లు, అలాంటి చిన్న పెట్టెలు. మరుసటి ఏడాది తైవాన్ పౌరుల స్మార్ట్‌కార్డుల్లో 20 లక్షలకు పైగా కీలను పరిశీలించి 184 కీలను విడగొట్టారు. ఆ చిప్పులకు భద్రతా ధ్రువపత్రాలు ఉన్నాయి.

కరెంటు పోయి వచ్చాక

చిన్న పెట్టెలే ఎందుకు దొరికాయి? వాటికి కీబోర్డు లేదు, మౌస్ లేదు, తిరిగే డిస్కు లేదు. ఫ్యాక్టరీలో అన్నిటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ప్రతిని పోస్తారు. గడియారాన్ని నడిపే బ్యాటరీ లేకపోతే ప్రతిసారీ లేవగానే అవి 1970 జనవరి 1 అనే అనుకుంటాయి. లేచిన కొన్ని సెకన్లలోనే, లోకం నుంచి ఒక్క తడబాటూ అందకముందే, తమ కీని తయారుచేసుకుంటాయి. హెనింగర్ బృందం దీన్ని 'బూట్ వేళ ఎంట్రోపీ గుంట' అంది. కరెంటు తరచూ పోయే చోట ఈ గుంటలో పడే వేళలు ఎక్కువ. పోయి వచ్చిన ప్రతిసారీ వీధిలోని వైఫై పెట్టెలు, సెట్‌టాప్ బాక్సులు, కెమెరాలు ఒక్కుమ్మడిగా ఒకే స్థితి నుంచి లేస్తాయి.

ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే ఉపాయం ఒకటుంది. ఆర్డుయినో బోర్డులో దేనికీ కలపని అనలాగ్ పిన్‌ను చదివి ఆ విలువను విత్తనంగా వేయడం. సాధారణ ఆర్డుయినోలో ఆ విలువ 0 నుంచి 1,023 లోపే, అంటే ఎంత చేసినా పది బిట్లు. నిజానికి గాలిలో వేలాడే పిన్ పక్క తీగల వోల్టేజీకీ 50 హెర్ట్జ్ హమ్‌కూ లొంగి కొద్ది విలువల చుట్టూనే తిరుగుతుంది. ఎల్‌ఈడీల ఆటకు చాలు, తలుపు తాళానికి చాలదు. చవకగా దొరికే ఈఎస్‌పీ32 చిప్‌లో హార్డ్‌వేర్ యాదృచ్ఛిక యంత్రం ఉంది. కానీ వైఫైగానీ బ్లూటూత్‌గానీ, లేదా చిప్ లోపలి రొద మూలంగానీ నడుస్తున్నప్పుడే దాని అంకెలను నిజమైన యాదృచ్ఛికంగా పరిగణించమని తయారీదారు పత్రాలే చెబుతాయి. బ్యాటరీ ఆదా కోసం రేడియోను ఆపేసి, సెన్సర్ మాత్రమే నడిపే పొలం పరికరాలు కట్టేవాళ్లు ఈ వాక్యాన్ని చదవకుండా దాటేయడం తేలిక.

మందులు ఉన్నాయి. ఒకే పనికి ప్రతిసారీ పట్టే కాలంలో వచ్చే సూక్ష్మ తేడాలను ప్రాసెసరు తానే కొలుచుకునే జిట్టర్ పద్ధతి, ప్రత్యేక మూలం లేని యంత్రాలకు స్టీఫన్ ముల్లర్ రాసిన పరిష్కారం. అది లినక్స్‌లో భాగమైంది. 2021లో ఆర్‌ఐఎస్‌సీ-వీ ప్రాసెసర్ల ప్రమాణం సీడ్ పేరుతోనే ఒక రిజిస్టరును చేర్చింది. చిప్ తయారీదారు ముడి ఎంట్రోపీని అందులో పెడితే ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకుని పిండుకుంటుంది. ఫ్యాక్టరీలోనే ఒక్కో పెట్టెకు వేరువేరు విత్తనం పోసి పంపడం ఇంకా సులువు, దానికి సోమరితనం తప్ప అడ్డం లేదు.

అన్నిటికంటే పాతది విత్తనపు ఫైలు. యంత్రం ఆగేముందు గాదె నుంచి కొన్ని బిట్లు తీసి డిస్కులో దాచుకుంటుంది, లేవగానే వాటిని తిరిగి కలుపుకుంటుంది, రైతు మరుసటి కారుకు విత్తనాలు ఎత్తిపెట్టుకున్నట్టే. అయితే ఈ పద్ధతి యంత్రాన్ని సక్రమంగా ఆపుతారన్న నమ్మకం మీద నడుస్తుంది. తీగ తెగినా కరెంటు పోయినా దాచుకునే వ్యవధి ఉండదు. అందుకని ఫైలును చదవగానే, ఇంకే పని మొదలుపెట్టకముందే, దాని స్థానంలో కొత్త బిట్లు రాసిపెట్టాలి. అలా రాయని పెట్టెలో కరెంటు వచ్చిన ప్రతిసారీ నిన్నటి విత్తనమే మళ్లీ పడుతుంది.